అరచేతితో వినే కాక

మా పక్క క్వార్టర్ల ఉండే కాక బొగ్గుబాయిల పనిచేసి రిటైరయిండు. బాయిలున్నన్ని దినాలు ఇనుప చువ్వతో నెత్తి మీది బాయి కప్పును తట్టి, చప్పుడును బట్టి అది నిలుస్తదో కూలుతదో చెప్పేటోడట. రిటైరయినంక అసొంటి చువ్వనే పట్టుకొని, తెల్లదొరల బంగ్లా వెనకున్న పాత చెరువుల దొరల నాటి సామాను వెతుకుడు మొదలువెట్టిండు.

బాయిల పేలుళ్లకు ఆయన చెవులు రిటైరయ్యేనాటికి పోయినయ్. చువ్వను బురదల గుచ్చి, కండ్లు మూసుకొని, అరచేతితోనే వినేటోడు. "రాయి," అనేటోడు. "ఇది పింగాణి." నేను తవ్వి తీస్తే అదే ఉండేది. నేను గుచ్చితే మాత్రం ఒక్కనాడూ తెల్వలే.

ఆ ఎండాకాలం చెరువును పూడుస్తరన్నరు. తెల్లారితే మట్టి లారీలు వస్తయనంగ, మేమిద్దరం మోకాళ్ల లోతు బురదల ఉన్నం.

"కాకా, బంగారం దొరికిందా?" అని చెరువు కట్ట మీద నిలబడ్డ ముగ్గురు నవ్విండ్రు. పలకరిస్తున్నరనుకొని కాక చెయ్యి ఊపిండు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

అంతల చువ్వ ఆగింది. "సీసా. పగలలే."

చేతులతోనే తవ్విన. మందపాటి ఆకుపచ్చ గోలీసోడ సీసా, నిండా బురద. కడిగి ఇస్తే కాక దాన్ని నా చెవికాడ ఊపిండు.

"మోగుతుందా బిడ్డా?"

లోపల గోలి టింగుమన్నది. తల ఊపిన. కాక సీసాను నా చేతుల వెట్టిండు.

"అయితే జర గట్టిగ ఊపు. కట్ట మీదోళ్లు గూడ వినాలె."

పొద్దుగూకే సరికి ఆ ముగ్గురు ప్యాంట్లు మడిచి బురదల ఉన్నరు. ఉన్న ఒక్క చువ్వకు వంతులు వేసుకుంటుండ్రు.

"చెవుల సంగతి మర్చిపోండ్రి," అంటుండు కాక. "ముందుగాల కండ్లు మూసుకోండ్రి."