అందరికంటే ముందు చేరిన ఆదివారం

ఆ రోజుల్లో కంప్యూటర్‌లో గేములాడేవాడికి ఓపిక గురించి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు, హార్డ్ డిస్కే నేర్పేది. ఇప్పుడు ఎవరిని కదిలించినా వేగంగా నడిచే ఆ కొత్తరకం డిస్క్ పేరే, ఎస్ఎస్‌డీ, ఎస్ఎస్‌డీ అంటున్నారు. నాకు నలభై దగ్గరపడ్డాయి. నడుం నొప్పి. రోజంతా బట్టల హోల్‌సేల్ షాపులో బిల్లులు కొట్టి ఇల్లు చేరేసరికి నోరు విప్పే ఓపిక ఉండదు. అయినా ఎవడో ఒకడు ఫోన్ చేసి, "అన్నా, గేములకి ఎస్ఎస్‌డీ వేసుకోమంటావా?" అని ప్రాణం తీస్తూనే ఉంటాడు. వేసుకో నాయనా, వేసుకో. బొమ్మ అందం పెరగదు, నీ గురి బాగుపడదు, గేము మాత్రం చటుక్కున తెరుచుకుంటుంది. అంతే నా సలహా. నేను వేసుకున్నప్పుడు ఏమైందో మాత్రం చెప్పను (చెప్పినా చివరిదాకా వినే తీరిక వాళ్లకి లేదు, మీకుందేమో చూద్దాం).

అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. పటమటలో అద్దె ఇల్లు, ముందు గదిలో ఓ మూల నా కంప్యూటర్. దాని హార్డ్ డిస్క్ నేను ఇంటర్ చదివేనాటిది. గేము నొక్కగానే లోపల గరగరమని చప్పుడు మొదలయ్యేది, గేము ఎంతవరకు తెరుచుకుందో చూపించే నీలం గీత తెర మీద కదిలీ కదలనట్టు కదిలేది. ఆ గీత మీద నాకంటే మా అమ్మకే ఎక్కువ పట్టు. ఆట మధ్యలో పిలిస్తే పలకనని ఆవిడకి తెలుసు. గీత కనబడిందంటే మాత్రం నేను ఆవిడ మనిషిని. గీత పడిందిగా, వెళ్లి కరివేపాకు పట్రా అనేది. గీత పడిందిగా, గ్యాస్ బండ మార్చు అనేది. మేడ మీద ఆరేసిన బట్టలన్నీ తెచ్చి, మడతలు పెట్టి, బీరువాలో సర్ది వచ్చినా గీత ఇంకా సగంలోనే ఉండేది. ఆ ఇంట్లో ఏ పనీ ఆగలేదంటే అది ఆ డిస్క్ చలవే.

ఇంట్లో పనికొచ్చిన నిదానం మా జట్టులో పనికి రాలేదు. జట్టంటే నలుగురం. డిగ్రీలో నా పక్కన కూర్చున్న కెప్టెన్, రెడీమేడ్ షాపు వాళ్లబ్బాయి భాయ్, కూచిపూడిలో ఉండే మా బావ, నేను. ఎవరిళ్లలో వాళ్లం కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తుపాకుల ఆట ఆడేవాళ్లం. ముగ్గురూ మైదానంలో దిగి పోరాడుతుంటే నేను ఇంకా గీత దగ్గరే ఉండేవాణ్ణి. నగరం దాకా వచ్చి ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగిపోయే రైళ్ల మీదుగా నాకు ఔటర్ అని పేరు పెట్టారు. నేను చేరేసరికి యుద్ధం ముప్పాతిక అయిపోయేది. ఎదురుపడే ఒకరిద్దరు శత్రువులు అప్పటికే కుంటుతుండేవాళ్లు, వాళ్లలో ఎవడో ఒకడు నా గుండుకి పడేవాడు. తప్పంతా డిస్క్‌దేననీ, మంచి డిస్క్ ఉంటే నేనేంటో చూపిస్తాననీ అంటుండేవాణ్ణి. వాళ్లు నమ్మారు. నేను ఇంకా గట్టిగా నమ్మాను.

ఇంతలో ఊళ్లో ఓ ఇంటర్నెట్ సెంటరాయన పోటీ పెట్టాడు. ఎవరి ఇంటి నుంచి వాళ్లు ఆడొచ్చు. మూడు ఆటల్లో రెండు గెలిచిన జట్టు గెలిచినట్టు. కెప్టెన్ నన్ను పిలిచి మెల్లగా చెప్పాడు.

"ఈసారి కూడా లేటైతే నీ బదులు భాయ్ వాళ్ల తమ్ముణ్ణి తీసుకుంటా. నా మీద కోపం పెట్టుకోకురా."

కోపం రాలేదు, భయం వేసింది. షాపులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నన్ను "ఇదిగో బిల్లు కౌంటరూ" అని పిలిచేవాళ్లు. పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు. ఆ నలుగురిలో ఒకణ్ణి కావడం తప్ప చెప్పుకోవడానికి నాకు మరో గొప్ప లేదు. అదీ పోతే ఇంక నేనెవర్ని? మర్నాడే వెళ్లి ఎస్ఎస్‌డీ కొనుక్కొచ్చాను.

కొన్నంత తేలిగ్గా బిగించలేకపోయాను. మాది నేత కుటుంబం. నాన్న మగ్గం దిగి బట్టల షాపులో గుమాస్తాగా చేరి చాన్నాళ్లయింది గానీ, మగ్గం పద్ధతులు ఆయన్ని వదల్లేదు. మంచిరోజు చూడకుండా మగ్గానికి కొత్త పడుగు ఎక్కించరు. డిస్కయితే మాత్రం పడుగు కాదా అని ఆయన పంచాంగం తీశారు. ఓ రోజు తిథి బాగాలేదు, మర్నాడు వర్జ్యం, ఆ పై రోజు కొత్తది బిగించొచ్చు గానీ స్క్రూలు విప్పకూడదు (ఈ చివరి నియమం పంచాంగంలో లేదు, మా అమ్మ కలిపింది). అలా జరిగి జరిగి ముహూర్తం ఆదివారం పొద్దున కుదిరింది. పోటీ కూడా ఆదివారం పొద్దునే. కెప్టెన్ తిడతాడనుకున్నాను. వాళ్లింట్లోనూ ఇదే తంతు కాబట్టి, మంచి ఘడియైతే చాల్లే అని ఊరుకున్నాడు. అందాకా డిస్క్ దేవుడి మందిరంలో పసుపు కుంకుమల పక్కన కూర్చుంది. నాకు ఒక్కసారి కూడా దాంతో ఆడి చూసుకునే యోగం పట్టలేదు.

ఆదివారం పొద్దున అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, దీనికి ముఖం ఎటుందిరా అని అడిగి, కంపెనీ స్టిక్కర్ మీద బొట్టు పెట్టింది. పాత డిస్క్‌ని అలాగే ఉంచి కొత్తది దాని పక్కన బిగించాను, గేముని దాంట్లోకి కాపీ చేశాను. నొక్కాను. తెరుచుకుంది. గరగర లేదు, గీత పడటం, మాయమవడం ఒకేసారి. వంటింట్లోంచి ఖాళీ సంచీ పట్టుకుని వస్తున్న అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "అప్పుడే అయిపోయిందా? మరి పనులెవరు చేస్తారండీ?" అని నాన్న వైపు చూసింది. నాన్న పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

మొదటి ఆటలో అందరికంటే ముందు నేనే దిగాను. ఎంత గర్వపడ్డానో ఏం చెప్పను! మావాళ్లు ఇంకా రాలేదు. అవతలి జట్టు మాత్రం నా వెనకే దిగింది. నేను తుపాకీ ఎత్తేలోపు చచ్చాను. ఆ ఆటలో చచ్చినవాణ్ణి గేమే మళ్లీ బతికిస్తుంది, కొత్త డిస్క్ కదా, క్షణంలో మళ్లీ వాళ్ల ఎదుట నిలబెట్టింది. మళ్లీ చచ్చాను. గోడ చాటున చచ్చాను, మెట్ల మీద చచ్చాను, పారిపోతూ చచ్చాను. నేను చచ్చిన ప్రతిసారీ వాళ్లకో పాయింటు. పాత డిస్క్ ఉన్నన్నాళ్లూ ఇన్నిసార్లు చావడానికి నాకు సమయమే ఉండేది కాదు. ఆ ఆట ఓడిపోయాం. రెండోది మావాళ్లు ముగ్గురూ ప్రాణం పెట్టి ఆడబట్టి ఎలాగో గెలిచి బయటపడ్డాం. అందులోనూ నేను వాళ్లకి పాయింట్లు పంచుతూనే ఉన్నాను. డిస్క్ తప్పేం లేదని నాకు తెలిసిపోయింది. వాళ్లకీ తెలిసిపోయిందని నాకు తెలుసు. తిడితే బాగుండేది. ఇంక నన్ను తీసేస్తారు, భాయ్ తమ్ముడు వాళ్లింట్లో తయారుగా ఉండే ఉంటాడు అనుకున్నాను.

కెప్టెన్ మెల్లగా అందుకున్నాడు.

"ఒరేయ్, ఏమనుకోకు. గేము ఆ పాత డిస్క్‌లో ఇంకా ఉందా?"

ఉందన్నాను.

"మూడోది దాన్నించి ఆడు."

బావ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. భాయ్ అయితే, తొందరేం లేదు, నిదానంగా రా అని ఊరడించాడు. నాకు సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా, నన్ను తీసెయ్యలేదన్న సంతోషం కలిగింది.

పాత డిస్క్‌లోంచి గేము నొక్కాను. ఇక్కడ నా తెర మీద గీత, అక్కడ హెడ్‌ఫోన్లలో వాళ్ల కేకలు. ఎడమ చూడు, గుళ్లయిపోయాయి, వెనక్కి రా, కొట్టు. నేను కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఏమీ కనబడకుండా ఆ యుద్ధమంతా విన్నాను. నా తెర తెరుచుకునేసరికి కేకలు ఆగిపోయాయి. మైదానంలో శత్రువన్నవాడు లేడు.

"వచ్చావా? గెలిచాంరా మనం," అన్నాడు కెప్టెన్.

ఇప్పుడు ఆ నలుగురం ఆడి ఏళ్లయింది. డిస్కులు వేగంగానే ఉన్నాయి, కళ్లే మూతలు పడుతున్నాయి. అయినా ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త దిగులుగానూ ఉంటుంది. గెలుపు కోసం వాడు చేసింది ఏమీ లేదు. ఆ సంగతి వాడికీ తెలుసు. అయినా ఆగలేక తుపాకీ పైకెత్తి, ఆట కట్టేసేదాకా ఆ ఖాళీ మైదానమంతా ఒక్కడే పరుగెత్తుతూ గాల్లోకి కాల్చాడు.