సూదంటురాయి కట్టిన దినం

దయ్యాలని, గాలి సోకిందని ఎవరన్న చెప్తే నేను నవ్వేటోణ్ణి. మా ఊరు రామన్నపేట దగ్గర. జనం పట్టపగలు గూడ పోనీకి జంకే పాత దొరల గడీల కూసొని మెట్రిక్కు పరీక్షకు చదువుకున్న. గబ్బిలాలు తప్ప నాకేం కనపడలే. గీ సంగతి జరిగినంక గూడ దయ్యాలున్నయని నేను అనను. నా కండ్ల ముందట ఒకటి జరిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు. అంతే.

అరవైలల్ల దేవరకొండ హైస్కూల్ల సైన్సు మాస్టరుగ ఉన్న. ఖాదర్ భాయ్ ఇంట్ల ముందటి అర్ర కిరాయికి తీసుకున్న. ఆయన తాళాలు, గ్యాస్ లైట్లు బాగుచేసేటోడు. ఇంట్ల ఆయన, ఆయన తల్లి, ఇద్దరే. ఆమెను వాడకట్టోళ్లందరు అమ్మీ అనేటోళ్లు, నేను గూడ గట్లనే పిలిచిన. చిన్నప్పుడే పెద్దమ్మవారు పోసి ఆమెకు రెండు కండ్లు పోయినయి.

మిద్దె మీద ఇరవై దాక పావురాలుండె. అవి అమ్మీవి. చేతిల పట్టుకొని రెక్క తడిమితే అది ఏ పావురమో చెప్పేది. వాకిట్ల గోడ పట్టకుండ నడిచేది. బాయికాడికి, పొయ్యికాడికి, మిద్దె మెట్లకు సీదా పోయేది. అండ్ల వింతేం లేదు. యాభై ఏండ్ల సంది ఉన్న ఇల్లు.

వింత వేరే. మేతకు పోయిన పావురాలు తిరిగొచ్చే ముందట ఆమె చేసే పని ఆపి ఒక దిక్కు మొఖం తిప్పేది. జర సేపటికి ఆ దిక్కు నుంచే అవి వచ్చేవి.

"రెక్కల సప్పుడు వినపడుతదా అమ్మీ?" అని అడిగిన.

"సప్పుడు కాదు బేటా. ఈడ తెలుస్తది" అని కనుబొమల నడుమ వేలు పెట్టి చూపెట్టింది.

ఆమె చెవులు మస్తు పనిచేస్తయని నా నోటుబుక్కుల రాసుకున్న.

పావురం ఎంత దూరంల వదిలినా ఇంటికెట్ల వస్తదన్నది అప్పట్ల తేలని ముచ్చట. సూర్యుణ్ణి చూసి వస్తదని కొందరు, భూమికున్న అయస్కాంత శక్తిని పసిగట్టి వస్తదని కొందరు అంటుండె. లైబ్రరీల ఒక పత్రికల చదివిన. మనింట్లనే పావురాలున్నయి, స్కూల్ల సూదంటురాయి ఉంది, చూద్దామనిపించింది. ఖాదర్ భాయ్‌ని అడిగితే మూడు ఇత్తడి ముక్కలు కోసిచ్చిండు. నా మూడు సూదంటురాళ్ల బరువు, వాటి బరువు ఒక్కతీరు. ఆరింటిని నల్లగుడ్డల చుట్టి ఆరు పావురాల మెడలకు నేనే కట్టిన. ఎండ దినం వదిలితే ఆరు గూడ ఇల్లు చేరినయి. ఇగ సూర్యుడు లేని దినం చూడాలె.

ముసురు పట్టిన ఒక ఐతారం పొద్దుగాల ఆరు పావురాలున్న గంప పట్టుకొని బస్సెక్కిన. ఎటు పోతున్ననో ఇంట్ల చెప్పలే. పడమటి దిక్కు కల్వకుర్తి అవతల దిగి, పది గంటలకు మూత తీసిన. మూడు తూర్పుకు మళ్లినయి. మూడు రెండు చుట్లు తిరిగి దక్షిణానికి పోయినయి. చూసి రాసుకున్న.

సాయంత్రం నేను వచ్చేసరికి ఖాదర్ భాయ్ వాకిట్ల నిలబడి ఉన్నడు. బండల మీద సున్నంతోని రెండు గీతలు గీసి ఉన్నయి.

"పది దాటి అయిదు నిమిషాలకు అమ్మీ పడమరకు మొఖం పెట్టింది సార్. మూడు వస్తున్నయి అన్నది. జర సేపటికి చెయ్యి గిటు తిప్పింది. మూడు దిక్కు దప్పినయి, పోతున్నయి పోతున్నయి అని ఏడ్చింది. ఆమె చూపెట్టిన రెండు దిక్కులకు నేనే గీతలు గీసిన."

ఇత్తడి కట్టినయి మూడు పదకొండు లోపటనే వచ్చినయట. సూదంటురాయి కట్టినయి రాలే.

మూడు పావురాలకే సూదంటురాయి కట్టిన్నని ఇంట్ల తెలుసు. గందుకే మూడు అన్న మాటను నేను సాక్ష్యం కింద పట్టుకోలే. గీత మాత్రం ఉన్నది. దిక్సూచి పెట్టి రెండో గీతను కొలిచిన. నైరుతి దిక్కు. మ్యాపు మీద దేవరకొండ నుంచి గీస్తే అచ్చంపేట మీదికెల్లి పోయింది.

నల్లగుడ్డ కట్టిన కబూతరం కనపడితే తెమ్మని ఖాదర్ భాయ్ వారం అంగడికి వచ్చేటోళ్లందరికి చెప్పి పెట్టిండు. ఎనిమిదో దినం గొర్లు అమ్మనీకి వచ్చిన ఒకాయన గంపల ఒక పావురాన్ని తెచ్చిండు. అచ్చంపేట పక్కన గుట్టకాడ దొరికిందట. ఇంకో రెంటిని డేగ కొట్టిందని, రెక్కలు తను చూసిన్నని చెప్పిండు.

అమ్మీ ఆ పావురాన్ని ఒళ్లె పెట్టుకొని మెడ తడిమింది. గుడ్డ ముడి విప్పి నా దిక్కు చాపింది.

"నా బిడ్డలకు కట్టింది నాకు గూడ కట్టు. వాటికి ఏమైందో నాకు తెల్వాలె."

ఖాదర్ భాయ్ వద్దన్నడు. నేను గూడ వద్దన్న. గట్టిగ అనలే. ఆ మాట ఇయ్యాల ఒప్పుకుంటున్న. లోపట నాకు గూడ చూడాలనే ఉండె.

మరునాడు నడిపొద్దుకు, ఒక నల్లగుడ్డల ఇత్తడి, ఇంకోదాండ్ల సూదంటురాయి చుట్టుకొని వచ్చిన. ఏది ఏదో ఆమెకు, ఖాదర్ భాయ్‌కి చెప్పలే. కొంగు కింద, తల వెనకాల కట్టి, బాయికాడికి పోయి రమ్మన్న.

మొదలు కట్టింది ఇత్తడి. పోయింది, వచ్చింది. "ఇది ఉత్తదే" అన్నది.

రెండోది కట్టిన. నాలుగు అడుగులేసి ఆగింది. రెండు చేతులు ముందుకు చాపింది. ఆమె గట్ల చేతులు చాపంగ నేను ఎన్నడు చూడలే.

"ఖాదర్" అని పిలిచింది. "ఇల్లు ఎటువోయిందిరా?"

ఆయన మూడు గజాల దూరంల ఉన్నడు. "ఈడనే ఉన్న అమ్మీ" అన్నడు. మాట వినపడ్డ దిక్కు కాక ఆమె ఇంకో దిక్కు తిరిగి, బాయి ఒడ్డు మీదికి అడుగేసింది. ఖాదర్ భాయ్ ఉరికి పట్టుకున్నడు. నేను ముడి విప్పిన.

విప్పినంక గూడ ఆమె తెలివి కుదుటపడలే. నాలుగు దినాలు ఎక్కువ మంచం మీదనే ఉన్నది. దిగితే గోడ పట్టుకొని నడిచింది. దవాఖానల డాక్టరు చూసి చెవులు మంచిగనే ఉన్నయి, భయం పట్టుకున్నదన్నడు. ఖాదర్ భాయ్ నాతోని మాట్లాడలే. అర్ర ఖాళీ చేస్తనంటే అమ్మీనే ఆపింది. "నేను అడిగితేనే కట్టిండు, ఆయనను ఏమనకు" అని కొడుకుతోని అన్నది.

అయిదో దినం గోడ ఇడిసి నడిచింది. అందరం ఖుషి అయినం.

పావురాలు వచ్చే దిక్కు ముందే తెలిసే గుణం మాత్రం మళ్ల రాలే. నేను ఆ ఇంట్ల ఇంకో రెండేండ్లున్న. దినాం చూసిన. అవి మిద్దె మీద దిగేదాక ఆమె మొఖం ఎటూ తిరగలే. ఒక దినం జొన్నలు చల్లుకుంట తనే చెప్పింది.

"ఇప్పుడు రెక్కల సప్పుడైతేనే తెలుస్తది బేటా. అందరికి తెలిసినట్టే."

బదిలీ అయి నల్లగొండకు వచ్చినంక చదువుకున్నోళ్లను ఇద్దరు ముగ్గురిని అడిగిన. భయంతోని మనిషికి ఏమన్న కావచ్చన్నరు. కావచ్చు. ఆమె బాయికాడ తడబడ్డది భయంతోనే అనుకుందాం. మరి ఇత్తడిని ఉత్తదని ఎట్ల చెప్పింది? కనపడకుండ పోయిన మూడు పావురాల దారి ఖాదర్ భాయ్ గీసిన గీత మీదికి ఎట్ల వచ్చింది? మనిషి తలల గట్లాంటిది ఏమన్న ఉన్నదో లేదో నాకు తెల్వదు. తెలుసుకుందామని మళ్ల ఏ ప్రాణికీ నేను సూదంటురాయి కట్టలే.