పదకొండో వరుస

పద్మప్రియ ఏలూరు నుంచి బస్సులో వచ్చి కలిదిండి రొయ్యల చెరువుల దగ్గర కంప్యూటర్లు చూస్తుంది. కీబోర్డు ముట్టుకునే ముందు చేతులు చున్నీకి తుడుచుకుంటుంది. ఆ ఉదయం రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నా, నీళ్లలోకి గాలి చిలికే ఏరియేటర్లను నడిపే ప్రోగ్రాం ఆక్సిజన్ బాగానే ఉందని చూపిస్తోంది. ఆమె ముందు ఏరియేటర్లను చేత్తో ఆన్ చేయించి, తర్వాత తెర ముందు నిలబడింది. “ఆక్సిజన్ లెక్క సరిచేసే కొత్త లైబ్రరీ ఫైలు నిన్ననే ఎక్కించాం కదమ్మా. ఓసారి ఆపి మళ్లీ మొదలెట్టెయ్యకూడదూ?” అన్నాడు చెరువు యజమాని కనకరాజు.

“తప్పెక్కడుందో తెలియకుండా ఆపితే, రేపు మళ్లీ నన్ను బస్సెక్కించేస్తారండీ,” అంటూ, నడుస్తున్న ప్రోగ్రాం లోడ్ చేసుకున్న లైబ్రరీల, అంటే అది వాడుకునే ఫైళ్ల, జాబితా తీసి, ఒక్కో వరుసా వేలు పెట్టి చదివింది. పదకొండో వరుస దగ్గర వేలు ఆగింది. ప్రోగ్రాంను ఆపకుండానే ఫైలు మార్చడంతో, నిన్న చెరిపేసిన పాత ఫైలునే అది ఇంకా పట్టుకుని ఉంది. “ఇప్పుడు ఆపుదామండీ,” అంది. మళ్లీ మొదలుపెట్టి, తెరమీది ఆక్సిజన్ అంకె, చెరువులో ముంచి చూసిన చేతి మీటరు అంకెతో కలిశాకే కుర్చీ లాక్కుంది.