పెరుగు వచ్చేదాకా

మా ఇంట్లో పెరుగు మీద మీగడ ఎప్పుడూ నాన్నగారిదే. కొత్తపేట దగ్గర మా ఊళ్ళో రెండు గేదెలుండేవి. దాకలో తోడుపెట్టిన పెరుగు మీద వేలెడు మందాన మీగడ కట్టేది. అక్క పెళ్ళయ్యేక ఆ భోగం పోయింది. బావగారొచ్చినప్పుడల్లా అమ్మ మీగడంతా గరిటెతో తీసి అల్లుడుగారి కంచంలో వేసేసేది. ఆయన నెలకి మూడుసార్లు వచ్చేవారు. నాన్నగారు అడుగు పెరుగు కలుపుకుంటూ ఆ కంచం వంక చూసే చూపు అమ్మకి తప్ప అందరికీ అర్థమయ్యేది.

అలాంటి మనిషికి నేను ఫోన్లో చెప్పాల్సొచ్చింది, నేను చేసుకుందామనుకున్న అబ్బాయి పాలు తాగడనీ, పెరుగు ముట్టడనీ. హైదరాబాదులో మాల్స్ కొత్తగా లేస్తున్న రోజులవి. నేనక్కడే ఉద్యోగం చేస్తున్నాను, అతను మా ఆఫీసే. చదువుకీ, జీతానికీ, ఇంటి సంగతులకీ ఆయ్, ఆయ్ అంటూ వచ్చిన నాన్నగారు అక్కడ ఆగిపోయేరు. ఏవైనా జబ్బా అని అడిగేరు. జబ్బు కాదండీ, దూడ తాగాల్సిన పాలు మనం తాగకూడదని అతని పట్టుదల అన్నాను. ఆదివారం వచ్చి చూస్తానన్నారు. చూసి వద్దంటే ఆయన్ని కాదని చేసుకునే ధైర్యం నాకు లేదు. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలుసు.

ఏదైనా మామూలు హోటల్లో కలుద్దామని అబ్బాయిని బతిమాలేను. వినలేదు. తను తినేదేవిటో పెద్దాయన కళ్ళారా చూడాలట. మాల్ పై అంతస్తులో పాతిక కౌంటర్ల మధ్య వీగన్ కౌంటరొకటుంది, పాలూ పెరుగూ నెయ్యీ గుడ్డూ మాంసమూ ఏవీ ఉండవు, అక్కడికే రమ్మన్నాడు. నిజాయితీ ఉండొచ్చు గానీ మరీ ఇంతా? నాకు ఒళ్ళు మండిపోయింది.

నాన్నగారు పంచె, కండువాలతో దిగేరు. చేతిలో స్టీలు క్యాను, అందులో మా గేదె నెయ్యి. పెళ్ళి మాటలకి వట్టి చేతుల్తో రాకూడదని తెచ్చేరట. దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా ఆ కౌంటరు ముందున్న బల్ల మీద పెట్టేరు. అబ్బాయి రెండు చేతులా అందుకుని, ఏం చెయ్యాలో తెలీక ఒళ్ళో పెట్టుకు కూచున్నాడు.

ఇసకేస్తే రాలని జనం. ట్రేలు పట్టుకున్నవాళ్ళు మా కుర్చీల వెనకాలే నిలబడి, ఎప్పుడు లేస్తామా అని చూస్తున్నారు. నాన్నగారు పప్పు, కొబ్బరిపాల కూర, సోయా వేపుడు అన్నీ చేత్తో శుభ్రంగా కలుపుకు తిన్నారు, బావున్నాయన్నారు కూడా. మేం రెండు చన్నుల పాలు దూడకే వదిలేస్తాం బాబూ, అదైనా సరిపోదా అని మధ్యలో అడిగేరు. సరిపోదనే చెప్పేడు. బల్ల కింద కాలు తొక్కేను. నేను తొక్కింది అర్థం కాక ఇంకా వివరంగా చెప్పేడు.

ఆ తర్వాత నాన్నగారు రెండు ముద్దల అన్నం మిగుల్చుకుని, ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని కూచుండిపోయేరు. ఐదు నిమిషాలు. పది. చెయ్యి ఎండిపోయింది. వెనకాల నిలబడ్డావిడ గట్టిగా నిట్టూర్చింది. లేద్దామా నాన్నగారూ అన్నాను.

"పెరుగు రాలేదు కదమ్మా," అన్నారు.

ఇక్కడ రాదండీ అని మెల్లిగా చెప్పేను. తెలుసన్నట్టు తలూపేరు గానీ కదల్లేదు. అలకా కాదు, పంతమూ కాదు. మా వైపు పెరుగు పడకుండా లేచిపోతే భోజనం పెట్టినవాళ్ళని అవమానించినట్టు. పెళ్ళిబంతిలో పెరుగు బకెట్టు ఎంత ఆలస్యమైనా అలాగే కూచుంటారు. ఆయన అంతసేపూ అబ్బాయి పరువు కాపాడుతున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ ముక్క అబ్బాయి చెవిలో వేసేను. అతను క్యాను నా ఒళ్ళో పెట్టి, లేచి జనంలో కలిసిపోయేడు. కోపమొచ్చి పోయేడనుకున్నాను. అయిపోయింది నా పెళ్ళి అనుకున్నాను. పావుగంటకి చొక్కా చెమటతో తడిసి తిరిగొచ్చేడు, చేతిలో బిర్యానీ కౌంటరు వాళ్ళ పెరుగు చట్నీ గిన్నె. ఉత్త పెరుగు ఎక్కడా దొరకలేదన్నాడు. ఐదేళ్ళుగా పెరుగు గిన్నె ముట్టని మనిషి, నాన్నగారి పక్కన వంగి, చెంచాతో కంచంలో వేసేడు. మరికాస్త వెయ్యమంటారా అని అడిగేడు కూడా. వీగన్ కౌంటరతను చూసీ చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

పెరుగులో ఉల్లిపాయ పడితే నాన్నగారు ఇంట్లో అయితే కంచం తోసేసేవారు. ఆ రోజు ఒక్కో ముక్కా ఏరి కంచం అంచున పెట్టుకుంటూ, మెతుకు మిగల్చకుండా తిని లేచేరు. వెనకాలావిడ ఆ కుర్చీలో కూలబడింది.

చెయ్యి కడుక్కోడానికి వెళ్తుంటే వెంట వెళ్ళేను. ఆయన తీరిగ్గా కడుక్కుని, కండువాతో తుడుచుకుని, అటు చూసేరు. అబ్బాయి నెయ్యి క్యాను పట్టుకుని నిలబడున్నాడు.

"మనింటికొచ్చినా పెరుగు తినడంటావా?"

"తినడండీ."

"మీ అమ్మ ఎంత బతిమాలినా?"

"ఆయ్."

"అయితే ముహూర్తం పెట్టించేస్తానమ్మా," అన్నారు. "ఒక్క అల్లుడైనా నా మీగడ జోలికి రాడు."