హెడ్‌సెట్‌లో రెండో గొంతు

దయ్యాలంటే నాకు నవ్వు. అడవి అంచు ఊళ్లో పుట్టింది కాబట్టి అవన్నీ నమ్ముతుందని ఆఫీసువాళ్లు అనుకుంటారు. నేను నమ్మేది చెవికి వినపడేదాన్నే. వినడమే నా ఉద్యోగం మరి.

మా ఊరు పినపాక అవతల. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. పల్లెల్లో ముసలివాళ్లు కోయభాషలో మాట్లాడిన రికార్డింగులు వస్తాయి. విని, ప్రతి మాటా తెలుగు లిపిలో టైప్ చేసి పంపాలి. వాటితో కంప్యూటర్‌కు మా భాష నేర్పిస్తారట.

కంప్యూటర్ సంగతి సరే, నాకే సరిగ్గా రాదు. ఆరేళ్లకే హాస్టల్‌లో వేశారు. తెలుగు, ఇంగ్లిష్ వచ్చాయి, ఇంటి భాష సగం పోయింది. అమ్మ కూడా నాతో తెలుగే మాట్లాడుతుంది. ఇంటర్వ్యూలో మాత్రం అది నా మాతృభాషని గొప్పగా చెప్పుకున్నాను. తప్పులు ఎక్కువవుతున్నాయని మా మేడం మూడుసార్లు హెచ్చరించింది. ఆ వారం పంపే యాభై ఫైళ్లు బాగుంటే పర్మనెంట్, లేదంటే ఇంటికే. ఇంట్లోనే ఉన్నాను కదా అని నవ్వుకున్నాను గానీ, లోపల భయంగానే ఉంది.

అది ఇప్పపువ్వు రాలే కాలం. కొత్తగా చేతికొచ్చింది ఏదైనా చనిపోయిన పెద్దలకు ముందు పెట్టి, ఆ తర్వాతే మేం తింటాం. ఆ పొద్దున పని తొందరలో, పెద్దల కోసం అమ్మ వేయించి ఉంచిన పువ్వులోంచి పిడికెడు నోట్లో వేసుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం ఆకు కదలడం లేదు. ఇల్లంతా పువ్వు తీపి వాసన. ఒక ముసలాయన రికార్డింగ్ ఎంత విన్నా అర్థం కాలేదు. నాలుగోసారి వింటుంటే ఆయన వెనకాల ఇంకో గొంతు వచ్చింది. ఆడగొంతు. ఆయన అన్న ప్రతి మాటనూ, పసిపిల్లకు ముద్దలు పెట్టినట్టు, మెల్లగా మళ్లీ చెబుతోంది. భయం వేయలేదు, హాయిగా అనిపించింది. తర్వాతి ఫైళ్లలోనూ ఆమె చెబుతూ పోయింది, నేను టైప్ చేస్తూ పోయాను.

వారం తర్వాత మేడం ఫోన్ చేసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయట. ఒక్క ఫైల్‌లో మాత్రం చివరి వాక్యం రికార్డింగ్‌లో లేదట, తీసేసి పంపితే పర్మనెంట్ చేస్తామంది. అది ఆ ముసలాయన ఫైలే. తెరిచి విన్నాను. ముసలాయన గొంతు ఒక్కటే ఉంది. మిగతా ఫైళ్లలోనూ ఆ ఆడగొంతు లేదు.

ఆ వాక్యం అర్థం కాక అమ్మకు చదివి వినిపించాను. అమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"పెద్దలకు పెట్టకుండనే తిన్నవా, బిడ్డా?" అని దాని అర్థం తెలుగులో చెప్పింది. "చిన్నప్పుడు మీ అమ్మమ్మ నిన్ను గట్లనే అడిగేది" అంది.

అమ్మమ్మ పోయినప్పుడు నేను హాస్టల్‌లో ఉన్నాను. చివరిచూపు కూడా దక్కలేదు. ఆ పిడికెడు పువ్వు సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఉద్యోగం కావాలి. వాక్యం తీసేశాను. ఆ గొంతు మళ్లీ వినపడలేదు.

అదేమిటో ఈ రోజుకీ నాకు తెలియదు. కల అనుకుందామంటే, సరిగ్గా రాని భాషలో యాభై ఫైళ్లు రాసి పంపాను. ఇప్పుడు ఏటా మొదటి పువ్వు పెద్దలకు పెట్టాకే హెడ్‌సెట్ పెట్టుకుంటాను. ఆ మాట కొట్టేసినందుకు తిట్టడానికైనా ఆ గొంతు వస్తుందేమోనని.