పడుగు దగ్గర ఆగిన కారు

మా ఇంట్లో కారు కొందామన్న మాట పుట్టగానే అందరూ అడిగింది ఒకటే, ఎంతమంది పడతారని. పెళ్ళికి పోవాలంటే ఎంతమంది, తిరపతికి పోవాలంటే ఎంతమంది. లీటరు పెట్రోలుకు ఎంత దూరం పోతుందని అడిగింది నేనొక్కదాన్నే. అడిగినందుకు నన్ను చూసి నవ్వారు. నవ్వితే నవ్వనీ! పెళ్ళిళ్ళు ఏడాదికి ఎన్నొస్తాయి? పల్లెలు తిరగడం మాత్రం ఎప్పుడూ ఉండే పనే.

ఎనభైల నడిమి మాట ఇది. ధర్మవరంలో మాది పట్టుచీరల వ్యాపారం. గోరంట్ల వైపు పల్లెల్లో నేతగాళ్ళకు పట్టు, జరీ ఇచ్చి, వాళ్ళు నేసిన చీరలు తెచ్చుకునేవాళ్ళం. నా మొగుడు అంగట్లో కూర్చుంటే, బస్సులెక్కి పల్లెలు తిరిగే పని నాది. మా మామ మా అమ్మకు సొంత అన్న, అందుకని ఆ ఇంట్లో నాకు నోరుండేది. నోరుందని ఎవరూ మురిసిపోలేదనుకోండి.

నేను కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు పల్లెల పని మా బావ, అంటే నా మొగుడి అన్న, చూసుకున్నాడు. అంచు కాస్త వంకర పోయిందని ఒకరికి, మడతలో మరక ఉందని ఇంకొకరికి కూలి కోశాడు. ఆడవాళ్ళను వాకిట్లో నిలబెట్టి నోటికొచ్చినట్టు మాట్లాడాడు. నేను తిరిగొచ్చేసరికి మాకు నేసే ఇళ్ళు కొన్ని వేరే షావుకారు దగ్గరికి వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళను బతిమాలి నిలబెట్టుకున్నాను. కాబట్టి కారు నాకు సోకు కాదు. పెద్ద కారొస్తే డ్రైవరొస్తాడు, తోలడం వచ్చినా దర్జాకు డ్రైవరు పక్కన బావ కూర్చుంటాడు, నేను ఇంట్లో ఉంటాను. చిన్న కారైతే నేనే తోలుకుంటాను. నా గొడవంతా అదే.

తోలడం నేర్చుకున్నది ఊరి బయట ఎండిన చెరువులో. బస్సు డిపోలో పనిచేసే పక్కింటి అన్న నేర్పించాడు. వానలు మొహం చాటేసిన ఏళ్ళవి. చెరువు నిండా పగుళ్ళూ పల్లేరుకాయలూ తప్ప చుక్క నీళ్ళు లేవు. కరువు నాకేదైనా మేలు చేసిందంటే అదే, ఎటు తిప్పినా గుద్దుకోవడానికి ఏమీ లేదు. "ఆడమనిషి కారు తోల్తాదంట, చూడండప్పా" అని ఊళ్ళో ఒకటే గోల. కళ్ళు నొప్పి పుట్టేదాకా చూసుకోండి అనుకున్నాను.

"ఆ అగ్గిపెట్టె ఏమిటికే మనకు?" అన్నాడు బావ. "నలుగురు కూచుంటే మోకాళ్ళు మూతికి తగుల్తాయి. మనకంటూ ఒక మర్యాద ఉండొద్దా?"

"నీ మర్యాదకు బంకంతా తాగించాల బావా," అన్నాను. "ఊరు దాటితే పెట్రోలు యాడుండాది? దావలో నిలబడిపోతే నీ మర్యాద వచ్చి తోస్తాదా?"

మామ మా ఇద్దరి గోల పడలేకపోయాడు. "రెండూ తెప్పిస్తా. పల్లెకు పోయొద్దాం. ఏది పనికొస్తే అది కొందాం" అన్నాడు. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు అమ్మకానికి పెట్టిన చిన్న కారొకటి, బావ బేరమాడి పెట్టిన పెద్ద కారొకటి వచ్చాయి. మామా బావా పెద్దదాంట్లో డ్రైవరుతో ముందు పోయారు. వాళ్ళ దుమ్ము తింటూ వెనక చిన్నదాంట్లో నేనొక్కదాన్నే.

గోరంట్లకు ఇవతలి పల్లెలో, మాకు నేసేవాళ్ళ వీధికి చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. వీధి పొడవునా పడుగు సాగదీసి ఉంది. చీర నిలువు పోగుల్ని మగ్గానికి ఎక్కించే ముందు అలా కర్రల మీద సాగదీసి, తెగిన పోగులు అతుకుతారు. అది వీధిలో ఉన్నంతసేపూ ఎవరూ దాటరు, కదిలించరు. ఎంత పెద్దమనిషైనా ఆగాల్సిందే.

పెద్ద కారు వీధిలోకి దూరి, అటూ ఇటూ అరుగుల మధ్య ఇరుక్కున్నట్టు నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు. బావ తల బయటపెట్టి, "ఏమప్పా, ఆ కర్రలు తీసి పడుగు పైకెత్తండి, కిందనుంచి పోతాం" అన్నాడు.

పట్టు మీద బతికే ఇంట్లో పుట్టినవాడు అనాల్సిన మాటేనా అది! నాకు ఒళ్ళు మండిపోయింది. పోగులు అతుకుతున్న ముసలామె చేతిలో పని ఆపలేదు.

"పడుగు ఎత్తేది లేదు. కావాలంటే నీ కారే ఎత్తుకోని పో నాయనా," అంది.

వీధంతా గొల్లున నవ్వింది. బావ మొహం మాడిపోయింది.

నేను చిన్న కారును వీధి మొదట్లోనే వెనక్కి తిప్పి నిలబెట్టి, అరుగుల మీదుగా నడిచిపోయి ముసలామె పక్కన కూర్చున్నాను. పని అయ్యేదాకా తనతో పాటు పోగులు అతికాను. పడుగు చుట్టేశాక ఆడవాళ్ళు నేసిన చీరలు తెచ్చి నా చేతికిచ్చారు. తెల్లగుడ్డలో మూటకట్టి వెనక సీట్లో పెట్టాను, చక్కగా పట్టింది. పెద్ద కారు మాత్రం తిరగడానికి చోటు లేక వెనక్కి వెనక్కి వస్తూ అరుగుకు గీసుకుంది.

మామ అందులోంచి దిగి, వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. "ఇదే కొందాం" అన్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అంతలోనే, "పెద్దోడు తోల్తాడులే. నువ్వు బిడ్డను చూసుకుంటా ఇంట్లో ఉండు" అన్నాడు.

సంతోషమంతా నీరుగారిపోయింది. వీళ్ళకు నచ్చింది నా కారు, నేను కాదు.

"మామా, కారును చూసి వీళ్ళు చీరలియ్యలే," అన్నాను. "నన్ను చూసి ఇచ్చినారు. బావే తోలేటట్టయితే ఇప్పుడే చెప్పు. మూట దించి ఎవురి చీర వాళ్ళకిచ్చేసి, బస్సెక్కి పోతా."

"ఏమే, బెదిరిస్తాండావా?"

"ఊ, బెదిరిస్తాండా."

బావ పెద్ద కారు దిగి, తాళం ఇమ్మన్నట్టు చెయ్యి చాపుకుంటూ మా వైపే వస్తున్నాడు. నేను బండి స్టార్ట్ చేశాను.

"మామా, నీ తలుపు సరిగ్గా పడలే," అన్నాను.

మామ వస్తున్న కొడుకును చూశాడు. నన్ను చూశాడు. తలుపు తెరిచి, మళ్ళీ గట్టిగా వేసుకున్నాడు.

"పోనీ, ఎండెక్కుతాంది," అన్నాడు.