నవమినాటి ఉచిత బస్సు

అత్తమ్మ కళ్ళకు నీటికాసులని దవాఖానాలో తేల్చిన రోజే మా ఈ ప్రయాణం ఖాయమైంది. అప్పటికే ఆమెకు ఎదురుగా ఉన్నది మాత్రమే కనబడేది, పక్కనున్నది కనబడేది కాదు. పక్కన ఎవరైనా మాట్లాడితే మెడ మొత్తం తిప్పి చూసేది. పోయిన చూపు మళ్ళీ రాదనీ, ఉన్నది ఇంకో ఏడాది నిలిస్తే గొప్పేననీ డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చాక అత్తమ్మ ఏడవలేదు. చాటలో బియ్యం పోసుకుని కూర్చుని, "అయితే ఈ నవమికి భద్రాచలం పోవాలె. ఉన్న చూపుతోని రాములోరి లగ్గం ఒక్కసారి సూస్త. ఆయింత సూస్తె సాలు నాకు" అంది.

కొత్తగూడెంలో ఉన్నవాళ్ళకు భద్రాచలం ఏమంత దూరం? పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. అయినా మైనింగు కాలనీలో కాపురం పెట్టిన ఇన్నేళ్ళలో అత్తమ్మ నవమినాడు అక్కడికి వెళ్ళింది లేదు. కల్యాణం ఎప్పుడూ రేడియోలో వినడమే. ఎందుకంటే మామయ్య బొగ్గుబావిలో మైనింగ్ సర్దార్. భూమి లోపల పనిచేసే ఒక గ్యాంగుకు పెద్ద అన్నమాట. తన వెంట దిగిన వాళ్ళందరూ పైకి వచ్చాకే ఆయన పైకి రావాలి. ఆయనకు పండగ లేదు, పబ్బం లేదు, ఒకరికి ఒంట్లో బాగాలేదంటే వాళ్ళ షిఫ్టు కూడా తనే మీదేసుకునేవాడు. ఆ ఏడు ఉగాదికి ముందే రిటైరయ్యాడు కాబట్టి ఇక సాకులు లేవు. మా ఆయనకు ఫస్టు షిఫ్టు పడింది. వాళ్ళిద్దరినీ తీసుకుపోయి తీసుకొచ్చే పని నా నెత్తిన పడింది. ఇదంతా ఎనభైల చివర్లో మాట.

తెల్లవారుజామున ఐదింటికి బస్టాండుకు చేరాం. ఒక డబ్బాలో పులిహోర, ఒక డబ్బాలో పెరుగన్నం, రెండు సీసాల నీళ్ళు పెట్టుకున్నాను. వచ్చిన మొదటి బస్సులో కాలు పెట్టే చోటు లేదు. రెండో బస్సు ఇంకా ఆగకముందే మామయ్య కిటికీలోంచి తువ్వాల విసిరి మూడు సీట్లు పట్టాడు. షిఫ్టు బస్సుల్లో నేర్చిన విద్య అది. మా వెనక సీటులో ఉన్న పాల్వంచ ఆయన ఏటా నవమికి వెళ్ళే మనిషి. అడగకపోయినా సలహాలు చెప్పుకుంటూ వచ్చాడు.

"పదింటికల్ల మండపంల కూసోవాలె అక్కా. పది దాటిందంటే ముందటోళ్ళ వీపులే కనపడ్తయ్. పదకొండు దాటితె అవి గూడ కనపడయ్."

"ముందుగాల గోదావరి తానం చెయ్యాలె గద తమ్మీ," అంది అత్తమ్మ.

"చెయ్యండ్రి. జల్దీ జల్దీ చెయ్యండ్రి."

పాల్వంచ పొగగొట్టాలు దాటాక అడవి మొదలైంది. చెట్ల కింద ఆడవాళ్ళు వంగి ఇప్పపూలు ఏరుతున్నారు. కిటికీలోంచి ఆ తీపి వాసన ఘాటుగా వచ్చింది. అత్తమ్మ ముఖం సూటిగా అద్దానికేసి పెట్టుకుని, చిన్నపిల్లలా ఒక్కో చెట్టూ చూసుకుంటూ కూర్చుంది.

ఏడున్నరకు సారపాక చేరాం. ఇక్కడ, ఆ పద్ధతి ఇంకా అట్లాగే ఉంటే, వెళ్ళబోయే వాళ్ళకు ఒక మాట చెప్పాలి. నవమినాడు బస్సులన్నీ సారపాకలోనే ఆపేస్తారు. అక్కడి నుంచి గోదావరి వంతెన దాటించి ఊరంతా తిప్పడానికి ఉచిత బస్సులు పెట్టారు. ఊళ్ళో వ్యాపారులు కొందరు కలిసి పెట్టించారట. పసుపు జెండా కట్టిన బస్సు సారపాక నుంచి స్నానాల రేవుకూ, అక్కడి నుంచి కల్యాణ మండపానికీ వెళ్ళి తిరిగి వస్తుంది. ఆకుపచ్చ జెండా బస్సు రేవు దగ్గర బయలుదేరి గుడి, బస్టాండు, మండపం చుట్టి మళ్ళీ రేవుకే వస్తుంది. టికెట్టు లేదు, కండక్టరు లేడు, చేయి ఎత్తితే ఆగుతుంది. బస్సులు మాత్రం ముసలివి. అన్నిటికీ ఒకటే రంగు, జెండా చూసి గుర్తుపట్టాల్సిందే. ఆ జెండా కూడా డ్రైవరు పక్కన కడతారు. అటువైపు నుంచి వచ్చేవాళ్ళకు సరే, ఇటు తలుపు వైపు నుంచి ఎక్కేవాళ్ళకు కనబడదు. కాబట్టి ఎక్కేముందు నోరు తెరిచి అడగండి.

పసుపు జెండా బస్సులో అత్తమ్మ పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. సారపాక ఇవతలి అడవిలో ఒక కోయగూడెం ఆమెది. వెంట వచ్చిన వాళ్ళు రాత్రి గుంపులో తప్పిపోయారట. అయినా దిగులేమీ లేదు, మండపం దగ్గర దొరుకుతారు అంది. వంతెన మీద బస్సు వెళుతుంటే కిటికీ చువ్వలు పట్టుకుని కింద నీళ్ళు చూసి నవ్వింది. దిగేటప్పుడు మాత్రం మామయ్యతో, "నాకు ఈ ఊరు తెల్వది అన్నా. నన్ను ఇడిసిపెట్టి పోకుండ్రి" అంది.

"గట్లెట్ల పోతం? మా ఎంట ఒచ్చినవ్, మా ఎంటనే పోదువు," అన్నాడు మామయ్య.

ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

రేవులో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆడవాళ్ళం ముగ్గురం ఒక పక్కన నీళ్ళలోకి దిగాం. అత్తమ్మకు మెట్లు కనబడవు కాబట్టి నేను ఆమె చేయి వదల్లేదు. మూడు మునకలు వేయించి, ఒడ్డుకు తెచ్చి, చీర మార్పించేసరికి తొమ్మిది దాటింది. చూస్తే ముసలమ్మ లేదు. మునిగినప్పుడు మా పక్కనే ఉంది. తర్వాత నేను చూడలేదు, అత్తమ్మకు పక్కనున్నది ఎటూ కనబడదు.

మామయ్య ముఖం మారిపోయింది. "నీళ్ళల్లనుంచి బయటికొచ్చుడు సూసిన్రా?" అని అడిగాడు. చూశామని ఎలా చెప్పగలం?

అంతలో పసుపు జెండా బస్సు వచ్చింది. మాతో వచ్చిన వాళ్ళందరూ ఎక్కారు. నేను అత్తమ్మను మెట్టు దాకా తీసుకెళ్ళి, "మామయ్యా, రాండ్రి. ఆమె వాళ్ళోళ్ళు దొరికి పోయి ఉంటది" అన్నాను.

"పోతె చెప్పి పోతది. నువ్వు మీ అత్తను తోలుకోని పో. నేను ఎనక ఒస్త."

నేను అత్తమ్మ చేయి పట్టి లాగాను. ఆమె కాలు మెట్టు మీద పెట్టింది, మళ్ళీ తీసేసింది. "ఈ మనిషిని నీళ్ళ కాడ ఇడిసిపెట్టి నేను లగ్గం సూస్తనా? ఆమె కోసం మెడలోతు నీళ్ళలకు దిగుతడు. ఈత సుత రాదు ఈయనకు," అంది. బస్సు వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది గానీ ఎవరి మీద మండిపడాలో తెలియలేదు.

మామయ్య రేవు పొడుగునా తిరిగాడు. పడవల వాళ్ళను అడిగాడు. పందిట్లో ఉన్న పోలీసాయనకు చెప్పాడు. ఆయన మజ్జిగ తాగుతూ, "పొద్దటి నుంచి నాకు ఇట్ల తప్పిపోయినోళ్ళు యాభైమంది చెప్పిన్రు పెద్దాయనా. అందరు దొరుకుతరు. మీరు పోయి కల్యాణం చూస్కోండ్రి" అన్నాడు. మంచి మాటే. కానీ ముప్పయ్యేళ్ళు భూమి లోపల మనుషులను లెక్కబెట్టుకుని పైకి తెచ్చినవాడికి 'దొరుకుతారు' అనే మాట ఎక్కదు. దొరికాక కదులుతాడు, అంతే.

పది దాటింది. ఇంకో పసుపు జెండా బస్సు వచ్చి వెళ్ళింది. ఎండ నెత్తికెక్కింది. అత్తమ్మ మెట్ల మీద కొంగు కప్పుకుని కూర్చుని, మండపం వైపు నుంచి వచ్చే మైకు మాటలు వింటోంది. పానకం ఇస్తే వద్దంది. "టైమెంతయింది పద్మా?" అని నన్ను మాటిమాటికీ అడిగింది. నేను మొదటిసారి నిజం చెప్పాను, తర్వాత కొంచెం తగ్గించి చెప్పాను.

పదకొండు దాటాక ఒక ఆకుపచ్చ జెండా బస్సు వచ్చి ఆగింది. కిటికీ పక్కన, చువ్వలు రెండు చేతులా పట్టుకుని, ఆ ముసలమ్మ కూర్చుని ఉంది. తడి జుట్టు ఆరిపోయింది. మమ్మల్ని చూసి చేయి ఊపింది.

మామయ్య మెట్ల మీద కూలబడ్డాడు. నేనే వెళ్ళి అడిగాను. జరిగింది ఇంతే. ఆమె తొందరగా మునిగి ఒడ్డెక్కి, అదే రంగు బస్సు కనబడితే మనదే అనుకుని ఎక్కి కూర్చుంది. మేం వచ్చి ఎక్కుతామని చూస్తుండగానే అది కదిలింది.

"మరి దిగొచ్చు గదమ్మా, మండపం కాడ?"

"దిగుదామనే అనుకున్న. మా గూడేనికి బస్సు రాదు బిడ్డా. కూసుంటే దిగబుద్ధి కాలే. తిరిగి తిరిగి ఈడికే ఒస్తదని డ్రైవరు చెప్పిండు. మీరు ఈడనే ఉంటరని నాకు తెల్సు."

ఏమనాలి ఆమెను? ఆమె చెప్పింది నిజమే, మేం అక్కడే ఉన్నాం. రెండున్నర గంటలు ఆమె ఊరంతా తిరిగింది, గుడిగోపురం చూసింది, మండపం ముందు నుంచి మూడుసార్లు వెళ్ళింది. అంతకుముందు రెండుసార్లు ఆ బస్సు రేవుకు వచ్చినప్పుడు మేం పసుపు జెండాల వైపే చూస్తున్నాం, ఆమెకు గుంపులో మేం కనబడలేదు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

ఇంకో పసుపు జెండా బస్సు కోసం ఆగే వ్యవధి లేక అదే బస్సెక్కాం. అది గుడి చుట్టి, బస్టాండు చుట్టి పోవాల్సిందే కదా, మధ్యలో ఎవరు ఆపమన్నా ఆగుతుంది. అప్పుడే నాకు పసుపు జెండాకూ ఆకుపచ్చ జెండాకూ తేడా ఒళ్ళంతా తెలిసివచ్చింది. మండపం ముందరి కూడలికి వచ్చేసరికి పోలీసులు తాడు కట్టేసి ఉన్నారు. ముహూర్తం అయ్యేదాకా బండి గానీ మనిషి గానీ కదలడానికి లేదు. ఎదురుగా పందిరి కనబడుతోంది. పందిరి దాకా తలలే తలలు.

బస్సులో అందరూ లేచి నిలబడ్డారు. మైకులో జీలకర్ర బెల్లం అన్నారు. బాజాలు ఒక్కసారిగా మోగాయి. అత్తమ్మ కిటికీకి ముఖం ఆనించి, మెడ అటూ ఇటూ తిప్పుతూ వెతికింది. "ఏ దిక్కు సూడాలె? పద్మా, ఏ దిక్కు?" అంది. నేను ఆమె గడ్డం పట్టుకుని పందిరి వైపు తిప్పాను. అక్కడ పందిరి వెనక తడికలు తప్ప ఏమీ లేవు. ఆమె ఆ తడికలకే దండం పెట్టింది. ముసలమ్మ కూడా పక్కనే నిలబడి దండం పెట్టింది. మామయ్య మాత్రం సీట్లోనే తలొంచుకుని కూర్చున్నాడు.

తాడు విప్పాక మేం లోపలికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. జనం ఎదురు వస్తున్నారు. ఉత్సవమూర్తుల పల్లకీ అప్పటికే అటువైపు నుంచి గుడికి కదిలింది. గొడుగు పైభాగం ఒకటి దూరంగా ఊగుతూ పోవడం నేను చూశాను, అత్తమ్మకు అది కూడా అందలేదు. నేల మీద రాలిన తలంబ్రాల బియ్యం ఆమె చేతులతో తడుముకుని కొంగున కట్టుకుంది. ముసలమ్మకు తన వాళ్ళు అక్కడే దొరికారు. పోతూ పోతూ మామయ్య చేతులు రెండూ పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అంది. ఆమె వెంట ఉన్న మనిషి, "మంచోనివి అంటాంది" అని చెప్పాడు. మామయ్య తల ఊపాడు.

అడ్డాకు విస్తళ్ళలో పులిహోర తిన్నాం. ఎవరికీ సహించలేదు. మూడింటికి పసుపు జెండా బస్సులో వంతెన దాటి, నాలుగింటికి సారపాకలో కొత్తగూడెం బస్సెక్కాం. సీట్లు సులువుగానే దొరికాయి. ఆ ఉచిత బస్సుల గురించి నన్ను అడిగితే ఏర్పాటు మంచిదేనంటాను. ముసలీ ముతకా అందరినీ పూవుల్లా ఎక్కించుకుని తిప్పుతారు, విసుక్కునే డ్రైవరు ఒక్కడు కనబడలేదు. మాకే చేరాల్సిన వేళకు చేరాల్సిన చోటు దొరకలేదు.

పక్క సీటావిడ పలకరించింది. "పెద్దమ్మా, లగ్గం మంచిగ కనపడ్డదా?"

"లేదు బిడ్డా. కనపడలే," అంది అత్తమ్మ. ఆవిడ అయ్యో అంది.

బస్సు అడవిలో పడింది. మామయ్య మెల్లగా, "నీళ్ళల్ల పోయిందేమో అనుకున్ననే" అన్నాడు.

"అనుకుంటవ్. నిన్ను తప్పు పడ్తలేను," అంది అత్తమ్మ. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. "నీ ఎంట దిగినోళ్ళందరిని పైకి తెచ్చినవ్. ఇయ్యాల ఆమె కోసం సుత ఆగినవ్. మంచిదే. మరి నేను ఎవలెంట ఒచ్చిన? నీ ఎంటనే ఒచ్చిన గద. నన్ను లెక్కల ఏస్కున్నవా?"

మామయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత ఆమె మోకాలి మీద చేయి వేసి, "మల్ల ఏడు నవమికి..." అని మొదలుపెట్టాడు.

డాక్టరు చెప్పిన ఏడాది గడువు గుర్తొచ్చిందేమో, అక్కడే ఆగాడు. అత్తమ్మ మెడ మొత్తం తిప్పి ఆయన ముఖంలోకే చూస్తోంది.